డ్రైవర్ల రక్తం

మా నాలుగు వీధుల్లో షుగరు ఎంతమందికి ఉందో తేల్చడానికి ఆ వేసవిలో నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నారు. మనిషిని చూసి చెప్పేస్తాను కదా, దానికి రక్తం ఎందుకని అడిగాను. సర్వే పెట్టిన డాక్టరమ్మ నవ్వింది. ఆవిడకు మా భాష రాదు. మా వీధుల్లో సగంమందికి ఊరి భాష రాదు. నాకు రెండూ వచ్చు. అంతకుమించి నాలో ఏ అర్హతా లేదని ఆవిడా చెప్పలేదు, నేనూ అనుకోలేదు.

బస్సు డిపో వెనక ఉంటాం మేము. తాతల నాడే వచ్చాం. అయినా ఊరివాళ్ళకు ఇంకా నిన్న బస్సు దిగినవాళ్ళలాగే కనిపిస్తాం. మగవాళ్ళు బస్సులు నడుపుతారు. ఆడవాళ్ళు ఆఫీసులు తుడుస్తారు, బట్టలు కుడతారు, నాలాంటివాళ్ళు లాండ్రీలో ఇస్త్రీ చేస్తారు. అందరం కలిసి సంఘం పెట్టుకుని దానికొక హాలు కట్టుకున్నాం. ఆ హాల్లోనే సర్వే మొదలైంది.

మా సంఘం అధ్యక్షుణ్ణి వీధిలో అందరూ మైకు అంటారు. దొరికితే వదలడు. ఆ రోజు మాత్రం డాక్టరమ్మకు వదిలాడు, పక్కనే నిలబడి వైరు పట్టుకున్నాడు. ఆవిడ ఒక పటం గోడకు తగిలించి ఊరి భాషలో చెప్పింది, నేను మా భాషలోకి మార్చాను.

"మీలో ప్రతి ముగ్గురిలో ఒకరికి షుగరు ఉండొచ్చని మా అంచనా. ఊళ్ళో మిగతావాళ్ళతో పోలిస్తే ఇది రెండింతలు."

హాల్లో ప్రతివాళ్ళూ తమకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరి వంకా జాలిగా చూశారు. ముగ్గురిలో ఆ ఒక్కరూ తాము కాదని అందరికీ గట్టి నమ్మకం.

కారణాలు కూడా చెప్పింది. కూర్చుని చేసే పని, వేళాపాళా లేని డ్యూటీలు, చవగ్గా దొరికే తిండి, నిద్ర చాలకపోవడం, నడవడానికి చోటు లేకపోవడం, అమ్మానాన్నల నుంచి వచ్చే రక్తం. వెనక వరసలో ఒకాయన లేచి, "మన రక్తమే తియ్యనండీ, మనం మంచివాళ్ళం కదా," అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆ మాటను నేను ఊరి భాషలోకి మార్చలేదు. మా పరువు కొంతైనా నా చేతిలో ఉందనుకున్నాను.

తర్వాత మైకు మైకు లాక్కున్నాడు. డిపోవాళ్ళతో తను మాట్లాడాడట. మన డ్రైవర్లు ఏడాదికోసారి మెడికల్ కోసం సెలవు పెట్టి ఊరి చివరికి పోనక్కర్లేదట. ఈ సర్వే చీటీనే డిపో మెడికల్ కింద తీసుకుంటుందట. "ఇది సంఘం సాధించిన విజయం!" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. మెడికల్‌లో షుగరు ఎక్కువని తేలితే డ్రైవర్ని బస్సు దించేస్తారన్న సంగతి ఆ హాల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. సాధించినవాడికి మాత్రం తట్టలేదు. నేను నోరు మూసుకున్నాను, నన్నెవరూ అడగలేదు కనుక.

మీటింగు అయ్యాక అందరికీ కేకు ముక్కలు, సీసాల్లో రంగునీళ్ళు పంచారు. డాక్టరమ్మ కాగితం ప్లేటు చేత్తో పట్టుకుని, తినాలో వద్దో తెలియక అలాగే నిలబడింది.

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగాం. ముందు ప్రశ్నలు, తర్వాత రక్తం. ప్రశ్నలు ఎవరు రాశారో గానీ మా వీధి మొహం చూసి రాసినవి కావు. 'రోజుకు ఎన్ని నిమిషాలు ఉల్లాసంగా నడుస్తారు?' అని ఒకటి. మా సందు చివర బట్టలు కుట్టే అక్కను అడిగితే మిషను ఆపి నా వంక ఎగాదిగా చూసింది.

"ఉల్లాసంగానా? బస్సు తప్పిపోతుంటే పరిగెత్తడం లెక్కలోకొస్తుందా?"

"రాదక్కా."

"అయితే సున్నా రాసుకో."

'ఇంట్లో వ్యాయామానికి స్థలముందా?' అని ఇంకొకటి. ఆరుగురుండే గదిలో మంచం నిలబెట్టి గోడకు ఆనిస్తేనే మేమిద్దరం కూర్చోడానికి చోటొచ్చింది. డాక్టరమ్మ చుట్టూ చూసి, అడక్కుండానే లేదని రాసుకుంది. ఆవిడ మంచిదే. మంచితనం చాలా తేలిగ్గా అబ్బింది ఆవిడకు, సాయంత్రం కారెక్కి వెళ్ళిపోతుంది కదా.

మావాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? టీలో పంచదార ఎంత అంటే, చిటికెడు అన్నారు అందరూ. ఆ అన్నవాళ్ళే మాకిచ్చిన టీలో చెంచా నిలబడింది. అన్నం రెండు ముద్దలే తింటానన్న పెద్దమనిషి ముద్ద ఎంతో చేత్తో చూపించమంటే రెండు చేతులూ పెట్టాడు. ఒకావిడ, "మాకు షుగరు లేదమ్మా, ఉన్నది మా అత్తగారికి, ఆవిడకు రాసిపెట్టి ఉంది," అంది. ఆ అత్తగారు అక్కడే కూర్చుని ఉంది, ఒక కాలు తీసేశారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంటికొచ్చి ఒక్కొక్కరి మాటా అనుకరించి చూపిస్తే అన్నయ్యా వదినా పడీ పడీ నవ్వేవారు.

రక్తం తీసే పద్ధతి తేలికే. అట్టముక్క మీద మూడు గుండ్రాలు గీసి ఉంటాయి. చిన్న సూదితో వేలు పొడిచి మూడింటిలో మూడు చుక్కలు పడనివ్వాలి. ఆరాక అట్టకు ఆ మనిషి నంబరు అంటించి లాబుకు పంపాలి. పొద్దున్న ఒక్కపూట పస్తుంటే తగ్గిపోయే షుగరు కాదు ఇది, మూడు నెలల కూడికంతా చెప్పేస్తుంది. ఆ పొడవడం నాకూ నేర్పారు. సర్వే చేసేవాళ్ళ రక్తం సర్వేలోకి రాదు కాబట్టి నా వేలు ఎవరూ పొడవలేదు. నాకూ అవసరం అనిపించలేదు. ఈనెపుల్లలా ఉంటాను. టీలో పంచదార మానేసి పదేళ్ళయింది. పైగా ఆ వేసవిలో తిరుగుడు ఉద్యోగం పుణ్యమా అని నా జాకెట్లన్నీ వదులయ్యాయి, రెండు సార్లు కుట్లు వేయించుకున్నాను. ఎదురైన ప్రతి లావు మనిషినీ చూసి నా నడుం నేను తడుముకునేదాన్ని. అంత గర్వం.

చిక్కంతా డ్రైవర్లతో వచ్చింది. తెల్లవారుజామునే ఒక బ్యాచి వెళ్ళిపోతుంది, మధ్యాహ్నం ఇంకొకటి. మేము వెళ్ళే వేళకు ఏ డ్రైవరూ ఇంట్లో ఉండడు. ఉన్నా నిద్రపోతుంటాడు, లేపితే కొట్టేటట్టుంటాడు. దానికి డాక్టరమ్మ ఒక ఉపాయం ఆలోచించింది. అట్టా సూదీ ఇంట్లో ఇచ్చేసి రావడం, డ్యూటీ దిగాక ఆయనే పొడుచుకోవడం, మర్నాడు మేం వెళ్ళి తెచ్చుకోవడం. ఆవిడకు మావాళ్ళు తెలియరు. నాకు తెలుసు, అయినా అడ్డు చెప్పలేదు.

మొదటి డ్రైవరింటికి మర్నాడు నేనొక్కదాన్నే వెళితే ఆయన భార్య అట్ట తెచ్చి చేతిలో పెట్టింది. మూడు గుండ్రాలూ నీటుగా నిండి ఉన్నాయి. లోపల వాళ్ళమ్మాయి, కాలేజీలో పరుగుపందేల్లో గెలిచే పిల్ల, చూపుడువేలికి దూది చుట్టుకుని చదువుకుంటోంది.

"ఏమైంది పాపకు?"

"కూర తరుగుతుంటే తెగిందమ్మా."

వాళ్ళాయన మా ఇంటి తలుపులో పక్కకు తిరిగి దూరే మనిషి. అట్ట మీద సంతకం ఉంది, నంబరు అంటించుకుని వచ్చేశాను. రెండో ఇంట్లో తమ్ముడి వేలు తెగింది. మూడో ఇంట్లో అద్దెకుండే కుర్రాడిది. ఒక ఇంట్లో అయితే, "పని అయిపోయింది, ఇదిగో," అని భార్యే తన వేలు చప్పరిస్తూ అట్ట ఇచ్చింది. నలభై రెండుమంది డ్రైవర్లున్నారు మా వీధుల్లో. ఆ వారం మా నాలుగు వీధుల్లో కూర తరుగుతూ తెగినన్ని వేళ్ళు ఇంకెప్పుడూ తెగలేదు.

మా అన్నయ్య ఆ నలభై రెండో వాడు.

ఒక మధ్యాహ్నం మొదటి బ్యాచి దిగి వచ్చాడు. వదిన ఇంకా ఆఫీసులు తుడిచి రాలేదు. నేను వంటింట్లో ముందురోజు అట్టలు సర్దుకుంటున్నాను. గుమ్మంలో నిలబడి ఒక చెంబెడు నీళ్ళు గటగటా తాగి, ఇంకో చెంబు ముంచాడు.

"చెల్లాయ్, నా అట్ట ఇంకా ఖాళీగానే ఉంది."

"సూది బల్ల మీదే ఉందిగా. పొడుచుకో."

"అది కాదే." చెంబు కింద పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. బస్సులో అరవైమంది మీద అరిచే గొంతు చిన్నదైపోయింది. "నీ రక్తం ఇయ్యి."

"తప్పు కదా అన్నయ్యా."

"నలభై ఒక్కమంది చేసింది తప్పు కాదా? వాళ్ళ అట్టలన్నీ నువ్వేగా మోసుకెళ్ళావ్! ఇంటి దగ్గరికొచ్చేసరికి నీతులా?"

మొగుడు వదిలేశాక పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో అన్నయ్య చెప్పడం, నేను చేయడం. ఒకరోజైనా నన్ను బతిమాలింది లేదు. బతిమాలించుకోవడం నాకు బాగుంది. ఇంకో రెండు మాటలు అనిపించుకుని, బెట్టు చేసి, చివరికి సూది అందుకున్నాను.

"మంచి రక్తం," అన్నాడు మూడో గుండ్రం నిండుతుంటే. "నిన్ను చూస్తే ఎవరైనా చెప్తారు."

నేనూ అదే అనుకున్నాను.

నెల తర్వాత ఫలితాలు వచ్చాయి. ఎవరి కాగితం వాళ్ళకు పోస్టులో పంపి, అదే సాయంత్రం హాల్లో మీటింగు పెట్టారు. నేను లాండ్రీ నుంచి తిన్నగా హాలుకే వెళ్ళాను. డాక్టరమ్మ కొత్త పటం తగిలించింది. ప్రతి ముగ్గురిలో ఒకరికి షుగరు ఉందని తేలిందట. నలభై దాటిన ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువట. అంచనా తప్పలేదు. హాలు మళ్ళీ అటూ ఇటూ చూసింది.

"కానీ ఒక వింత," అంది డాక్టరమ్మ. కళ్ళు మెరుస్తున్నాయి. "బస్సు డ్రైవర్లు. వయసు ఎక్కువ, బరువు ఎక్కువ, రోజంతా కూర్చునే పని. అందరికంటే వాళ్ళకే ఎక్కువ ఉండాలి. నలభై రెండుమందిలో షుగరు ఉన్నది ఒక్కరికే! డ్రైవర్లను ఏదో కాపాడుతోంది. స్టీరింగు తిప్పడమా, బస్సు కుదుపా, ఏమిటో తెలుసుకోవాలి. దీనిమీద వేరే పరిశోధన చేస్తాం."

ఆవిడ అన్నది అన్నట్టు మా భాషలో చెప్పాను. మొహంలో ఒక్క గీత కదలకుండా చెప్పాను, అందుకు నాకు బహుమతి ఇవ్వాలి. డ్రైవర్లు వరసగా కూర్చుని గంభీరంగా తలలూపారు. వాళ్ళ భార్యలు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మైకు లేచి డ్రైవర్ల క్రమశిక్షణ గురించి పావుగంట మాట్లాడాడు. ఇంత చదువుకున్న ఆవిడ చెవిలో ఎంత తేలిగ్గా పువ్వు పెట్టేశారు అనుకున్నాను. ఆ ఒక్కడెవడో తలుచుకుంటే ఇంకా నవ్వొచ్చింది. నలభై రెండుమందిలో ఎవడో తెలివితక్కువవాడు సొంత రక్తం ఇచ్చుకున్నాడు పాపం!

ఇంటికి వెళ్ళేసరికి ఆ ఒక్కడి కాగితం మా బల్ల మీద ఉంది, అన్నయ్య పేరుతో.

మూడు నెలల షుగరు ఆరు దాటకూడదట. పదకొండు ఉంది. కింద ఇంకో వాక్యం: మళ్ళీ పరీక్ష చేయించుకుని చీటీ తెచ్చేవరకు బస్సు నడపడానికి వీల్లేదని డిపోకు తెలియజేశాం.

వదిన నా మీద పడింది. "ఏం చేశావమ్మా మా ఆయన్ని? ఆ నలభై ఒక్కమందికీ లేనిది ఈయనకెక్కణ్ణించి వచ్చింది?"

"నా నుంచి వచ్చింది వదినా."

"ఉందని ముందే చెప్పొచ్చు కదే!" అన్నాడు అన్నయ్య. నేనేదో దాచిపెట్టి అంటగట్టినట్టు మాట్లాడాడు. "నమ్మి ఇస్తే నా ఉద్యోగం మీదికి తెచ్చావ్. మనిషిని చూస్తే అట్లా ఉంటావు, లోపల పదకొండా!"

గోడ పట్టుకుని కింద కూర్చున్నాను. నీ సంగతేంటని, భయమేస్తోందా అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఏడుపొచ్చింది, ఏడిస్తే దాన్ని కూడా నాటకమంటారని ఆపుకున్నాను. నడుం తడుముకుంటూ తిరిగిన నా మొహానికి ఇలాగే కావాలి అని కూడా అనిపించింది.

కాసేపటికి అన్నయ్య మొహం విప్పారింది.

"అంటే... ఇది నీదైతే, నాది కాదు కదా!"

"కాదు."

"అయితే నాకు షుగరు లేనట్టే కదా!"

వదిన కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. నా రక్తంలో షుగరు ఉందని తేలింది కాబట్టి ఆయన రక్తంలో లేదని ఇద్దరూ తేల్చేశారు. డాక్టరమ్మ దగ్గరికెళ్ళి నేను నిజం ఒప్పుకుంటే సరిపోతుందట. "నీది మహా అయితే మూడు నెలల ఉద్యోగం. నాది జీవితం," అన్నాడు. ఒప్పుకుంటానన్నాను.

ఈ సంగతి గంటలో వీధికి పాకింది. మర్నాడు డ్రైవర్లు ఇద్దరేసి ముగ్గురేసి మా ఇంటికొచ్చారు. ఎవరూ కూర్చోలేదు.

"నువ్వు ఒప్పుకుంటే మా అట్టలన్నీ బయటపడతాయన్నా. ఆ ఒక్కడూ నువ్వేనని ఊరుకోరాదూ?"

"నేనెందుకురా ఊరుకోవాలి?"

"ఎవరో ఒకరు ఉండాలి కదన్నా. ఒక్కడు కూడా లేకపోతే వాళ్ళకు అనుమానం రాదూ?"

మైకు కూడా వచ్చాడు. సంఘం పరువన్నాడు, అందరి బాగు అన్నాడు, త్యాగమన్నాడు. మైకు లేకుండా ఆయన గొంతు పీలగా ఉంటుందని మొదటిసారి గమనించాను. ఎవరికీ తమ షుగరు ఎంతో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. పటంలో డ్రైవర్ల గడి తెల్లగా ఉంటే చాలు వాళ్ళకు. ఆరోజు వాళ్ళందరినీ అసహ్యించుకున్నాను. అన్నయ్య ఒక్కడే న్యాయం కోసం నిలబడుతున్నాడని కూడా అనుకున్నాను. అంత బుద్ధిహీనురాలిని.

ఆ తర్వాతి రోజు పొద్దున్న వంటింట్లో అన్నయ్య చేతిలోంచి గాజుగ్లాసు జారి పగిలింది. పెద్ద ముక్కలు ఏరి పారేసి, ముందుగదిలోకి వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుని పేపరు తీశాడు. నేను చీపురు తీసుకుని వంగితే నేల మీద ఎర్రటి మచ్చలు కనిపించాయి. వంటింటి నుంచి కిటికీ దాకా, అడుగు విడిచి అడుగు. అన్నీ కుడికాలివి.

"అన్నయ్యా, కాలు!"

"ఏమైంది?" పేపరు దించలేదు.

దగ్గరికెళ్ళి పాదం ఎత్తి చూశాను. బొటనవేలి కింద గాజుపెంకు సగం దిగి ఉంది. పీకాను. ఆయన పేజీ తిప్పాడు.

"నొప్పిగా లేదూ?"

అప్పుడు వంగి చూసుకున్నాడు. రక్తం చూశాక మొహం మారింది. వదిన వంటింటి గుమ్మంలోకి వచ్చిందేమోనని అటు చూసి, గొంతు తగ్గించాడు.

"ఆ కాలు ఈ మధ్య అంతేలే. అరికాలు మొద్దుబారింది. అరవకు."

"ఎప్పణ్ణించి?"

"చలికాలం నుంచి."

ఆ కాలు కిందే బ్రేకు ఉంటుంది. నాకు బస్సు నడపడం రాదు, కానీ ఆ మాత్రం తెలుసు.

"మరి బ్రేకు?"

"చూసుకుని తొక్కుతా." నా మొహం చూసి నచ్చజెప్పాడు. "ఒక్కసారి కిందికి చూస్తే తెలిసిపోతుంది పాదం ఎక్కడుందో. తొక్కింది తొక్కనిది మోకాలికి తెలుస్తుందిగా! ఇరవై రెండేళ్ళ సర్వీసే నాది."

రద్దీ రోడ్డు మీద అరవైమందిని ఎక్కించుకుని, బ్రేకు ఎక్కడుందో కిందికి చూసుకుంటున్నాడు మా అన్నయ్య. ఆరు నెలలుగా! అలాంటివాణ్ణి మళ్ళీ ఏడాదిపాటు బస్సెక్కించడానికి నేను వేలు పొడుచుకున్నాను. పైగా బెట్టు చేసి, బతిమాలించుకుని మరీ పొడుచుకున్నాను. ఊరందరినీ వెక్కిరించిన నోటితో నా మీద నేనే ఉమ్మేసుకోవాలనిపించింది.

వదిన వెనకే నిలబడి ఉంది. ఆవిడ చేతిలో అప్పటికే గుడ్డపీలిక ఉంది. ఆశ్చర్యపోలేదు.

"నీకు తెలుసా వదినా?"

"రోజూ మేజోళ్ళు తొడిగేది నేనే కదమ్మా." కింద కూర్చుని పాదం ఒళ్ళో పెట్టుకుని కట్టు కట్టడం మొదలుపెట్టింది. "బస్సు దిగితే ఈయన ఏమైపోతాడో నీకు తెలియదు. నాకు తెలుసు. ఇంట్లో రెండు రోజులు కూర్చున్నందుకే చూడు, మనిషి ఎట్లా అయిపోయాడో. నోరు జారకు, నీకు దణ్ణం పెడతాను."

ఆవిడను కూడా అసహ్యించుకోవాలని చూశాను, కుదరలేదు.

సోమవారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం, అన్నయ్యా నేనూ. యూనిఫారం వేసుకుని వచ్చాడు. నేనే ఇస్త్రీ చేశాను. వరండాలో బెంచీ మీద కూర్చుని మళ్ళీ మళ్ళీ పాఠం చెప్పాడు.

"రక్తం నీదని చెప్పు. నాకే జబ్బూ లేదని చెప్పు. కొత్త చీటీ రాసిమ్మని చెప్పు. అంతే. ఎక్కువ వాగకు."

అన్నయ్యకు ఊరి భాష రాకపోలేదు. స్టాపుల పేర్లు, లోపలికి జరగండి, ముందు దిగేవాళ్ళను దిగనివ్వండి, తలుపు దగ్గర నిలబడకండి. ఇరవై రెండేళ్ళుగా దాంతోనే నెట్టుకొచ్చాడు. ఒంటి గురించిన మాటలు బస్సులో అవసరం రాలేదు.

లోపల కూర్చోగానే చెప్పేశాను, ఆ అట్ట మీద రక్తం నాదని. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. గోడ మీదున్న పటం వంక చూసింది. డ్రైవర్ల గడి దగ్గర ఆవిడ చూపు ఆగిపోయింది.

"మిగతా నలభై ఒక్కటి?" అంది మెల్లగా.

"నన్నడక్కండి మేడమ్. మీరే ఎదురుగా నిలబడి మళ్ళీ పొడిపించండి."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పరిశోధన గాల్లో కలిసిపోయినందుకో, మా నీతి చూసినందుకో తెలియదు. తర్వాత నావైపు తిరిగి, పదకొండంటే ఇవాళే మందు మొదలుపెట్టాలంది. ఒంట్లో ఎలా ఉంటోందని అడిగింది. ఇన్నాళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. బాగానే ఉందన్నాను, నేనూ మా వీధి మనిషినే కదా.

"మీ అన్నయ్యకు? ఏమైనా ఇబ్బందులున్నాయా?"

అన్నయ్య నా మోచేతిని పొడిచాడు. "ఏమంటోంది?"

"ఎలా ఉన్నావని అడుగుతోంది."

"గుండ్రాయిలా ఉన్నానని చెప్పు. ఏ రోగమూ లేదని చెప్పు."

నేను ఊరి భాషలో చెప్పాను. "కుడిపాదానికి స్పర్శ లేదంటున్నాడు. చలికాలం నుంచీ అలాగే ఉందట. గాజుపెంకు దిగినా తెలియలేదట. బ్రేకు ఎక్కడుందో కిందికి చూసుకుని తొక్కుతున్నాడట."

అంటున్నాడు అనే చెప్పాను. ఇంకొకరి మాట మార్చి చెప్పేవాళ్ళు అలాగే చెప్పాలని ఆవిడే నేర్పింది. అన్నయ్య నా మాటలకు తగ్గట్టు తలూపుతున్నాడు. బ్రేకు అన్న మాట చెవిన పడ్డట్టుంది, నా పనితనం చెబుతోంది అనుకుని ఛాతీ విరుచుకున్నాడు. డాక్టరమ్మ ఆయన వంక చూసి, నిజమేనా అన్నట్టు తల ఆడించింది.

"అవును, అవును," అన్నాడు అన్నయ్య ఊరి భాషలో, దర్జాగా.

ఆవిడ లేచి వచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. బూటు తనే విప్పింది. మేజోడు లాగి, వదిన కట్టిన కట్టు చూసి, దాన్ని తప్పించి పాదం తన ఒడిలో పెట్టుకుంది. అన్నయ్య కంగారుపడి లేవబోయాడు. డాక్టరు తన కాళ్ళు పట్టుకోవడమేమిటని సిగ్గుపడ్డాడు.

"ఏం చేస్తోందే?"

"పరీక్ష."

ఆవిడ జేబులోంచి చిన్న పుల్ల తీసింది. దాని చివర నైలాను దారంముక్క ఉంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు మా భాషలోకి మార్చాను. ఈసారి ఒక్క మాట కూడా తేడా రానివ్వలేదు.

"కళ్ళు మూసుకోమంటోంది. దారం తగిలినప్పుడల్లా ఊ అనమంటోంది."

"ఓస్, ఇంతేనా?" అన్నాడు. నడుం నిటారుగా పెట్టి, చేతులు మోకాళ్ళ మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఫొటో తీయించుకునేవాడిలా సన్నగా నవ్వు మొహం పెట్టాడు.

డాక్టరమ్మ బొటనవేలి మీద దారం ఆనించింది. వంగేదాకా నొక్కి తీసింది. నడిమివేలి మీద నొక్కింది. చిటికెనవేలు, వేళ్ళ కింద మెత్తటి చోట నాలుగుసార్లు, పాదం మధ్యన, అంచున. చివర మడమ. పది చోట్లూ అయ్యాక పుల్లను జేబులో పెట్టేసుకుని, తలెత్తి నా వంక చూసింది. నేను ఆవిడ వంక చూడలేకపోయాను.

అన్నయ్య కళ్ళు తెరవలేదు. ఆ నవ్వు ఇంకా అలాగే ఉంది.

"మొదలుపెట్టమను చెల్లాయ్, ఇంకెంతసేపు?"